కంఠదర్శిని కథ: అద్దము నుండి తెర వరకు

అన్నము తినుచుండగా ఒక మెతుకు దారి తప్పి పొలమారినప్పుడు, మన యిండ్లలో పెద్దలు తలపై మెల్లగా తట్టి "ఎవరో తలచుకొంటున్నారు" అంటారు. తలచుకొన్నవారు ఎవరైనను కావచ్చును గాని, ఆ క్షణమున కంఠములో జరిగిన సంగతి ఇది. నోటి వెనుక భాగమున రెండు దారులు చీలుచున్నవి. వెనుకటిది ఆహారనాళము, ముందరిది శ్వాసనాళము. శ్వాసనాళము మొదట స్వరపేటిక ఉన్నది. నాలుక మొదలున ఆకు వంటి చిన్న మూత ఒకటి ఉండి, మనము మింగునప్పుడు స్వరపేటికపై వాలుచున్నది. ఆ కట్టుబాటు ఒక్క క్షణము తప్పినచో మెతుకు గాలి దారిలో పడును. వెంటనే దగ్గు వచ్చి, కండ్ల నీళ్ళు తిరిగి, మెతుకు బయటకు పోవును. దగ్గు మన ఊపిరికి కాపలావాడు.

స్పృహ తప్పినవానిలో ఈ కాపలావాడు నిద్రించును. బండి ప్రమాదములో తలకు దెబ్బ తగిలినవాడు, కట్లపాము కాటుచే కండరములు చచ్చుబడినవాడు, పురుగుమందు కడుపున పడి నురుగు క్రక్కుచున్నవాడు, వీరు దగ్గలేరు. నాలుక వెనుకకు జారి దారి మూయును. కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తులలోనికి దిగును. అట్టి వేళ వైద్యుడు చేయవలసిన మొదటి పనులలో ఒకటి, నోటి గుండా శ్వాసనాళములోనికి ఒక మెత్తని గొట్టమును దించి ఊపిరికి దారి కల్పించుట. గొట్టము సరియైన దారిలో పడినచో ప్రాణము నిలుచును. ప్రక్కనున్న ఆహారనాళములో పడి, దానిని ఎవరును గమనింపనిచో, ప్రాణవాయువు కడుపులోనికి పోవును. రోగి కొద్ది నిమిషములలో చేయి దాటిపోవును.

ఆ దారిని చూచుటకు వైద్యుడు వాడు సాధనమునకు లారింగోస్కోపు అని పేరు. తెలుగున కంఠదర్శిని అనవచ్చును. నేడు అది రెండు రూపములలో వాడుకలో ఉన్నది. ఒకటి, పిడియు, ఉక్కు రేకును, చిన్న దీపమును గల పాతది. దీనితో వైద్యుడు రోగి నోటిలోనికి వంగి తన కంటితోనే చూచును. రెండవది, రేకు కొనవైపున కెమేరా అమర్చినది. దీనితో వైద్యుడు నోటిలోనికి గాక తెర వైపు చూచును. ప్రాణము మీదికి వచ్చిన వేళ ఈ రెంటిలో ఏది మేలు? చూచుటకు చిన్న ప్రశ్నవలె ఉన్నది గాని, దీనిపై వైద్యులు చాలకాలము వాదులాడినారు. ఆ వాదము అర్థము కావలెనన్నచో 170 ఏండ్ల వెనుకకు, ఒక సంగీతము మేష్టారి వద్దకు పోవలెను.

మాన్యుయెల్ గార్సియా స్పెయిను దేశీయుడు. 1805లో జన్మించినారు. పారిస్‌లోను, పిదప లండనులోను గాత్రము నేర్పి గొప్ప పేరు పొందినారు. శిష్యులకు స్వరము సరిదిద్దుచు, ఆ స్వరము పుట్టు చోటును ఒక్కసారి కన్నులారా చూడవలెనని ఆయన ఎన్నో ఏండ్లు తహతహలాడినారు. బ్రతికియున్న మనిషి స్వరపేటికను కదలికతో సహా చక్కగా చూపగల ఉపాయము అప్పటికి వాడుకలో లేదు. తిన్నని బావిలోనికి తొంగిచూచినచో నీరు కనబడును. కంఠము తిన్నని బావి కాదు. మధ్యలో మలుపు తిరిగిన సందు. 1854లో ఒకనాడు పారిస్‌లోని పాలే రోయాల్ ఆవరణలో నడుచుచుండగా, కిటికీ అద్దములపై ఎండ తళుక్కుమనుట గార్సియా కంట పడినది. వెలుతురును మలుపు త్రిప్పవచ్చును గదా అని తోచినది. వెంటనే పోయి, పండ్ల వైద్యులు వాడు పొడుగాటి పిడి గల చిన్న అద్దము కొన్నారు. ఊపిరి తగిలి మసకబారకుండ దానిని వేడినీట కాచి, గొంతు వెనుక ఆనించి, చేతనున్న మరియొక అద్దముతో ఎండను దానిపైకి మరల్చినారు. తన స్వరతంతువులు తెరచుకొనుట, మూసికొనుట తానే చూచినారు.

1855లో ఆయన పరిశీలనలు లండను రాయల్ సొసైటీలో చదువబడినవి. తరువాత రెండు మూడేండ్లలో వియన్నాలో ట్యుర్క్, బుడాపెస్టున చెర్మాక్ అను వైద్యులు ఈ అద్దమును వైద్యమునకు మరలించినారు. ఎండ లేని దినమున గూడ పని జరుగునట్లు చెర్మాక్ దీపపు కాంతిని వాడుకలోనికి తెచ్చినారు. ఇద్దరిలో ఎవరు ముందని పెద్ద తగవే నడచినది. గార్సియా మాత్రము నూరేండ్లు నిండిన పండుగను 1905లో లండనులో జరుపుకొని, 1906లో కన్నుమూసినారు.

ఆ అద్దము వలన గొంతు జబ్బులు తెలిసినవి గాని, ఊపిరాడని రోగికి దాని వలన ఒనగూడినది తక్కువ. అది మెలకువగా కూర్చుండి, నోరు తెరచి, చెప్పినట్లు వినగల మనిషికి పనికివచ్చు సాధనము. పైగా అద్దములో కనబడు దారి వంకర దారి. చూపు ఆ వంకలో పోగలదు గాని, చేతిలోని గొట్టము పోదు. చూచుట ఒకటి, చేరుట మరియొకటి. ఈ రెంటి మధ్యనున్న ఎడమే మన కథకు మూలము. అది నేటికిని తీరలేదు.

ఆ కాలమున గొట్టము వేసినవారు చూపును నమ్ముకొనలేదు, వేలిని నమ్ముకొన్నారు. 1878లో గ్లాస్గో నగరమున విలియం మెకీవెన్ అను శస్త్రవైద్యుడు, నాలుక మొదట పుండు గల రోగికి క్లోరోఫారము ఇచ్చుటకై, మెలకువగా నున్న అతని నోటిలో వ్రేలు పెట్టి, తడవి చూచి, శ్వాసనాళములోనికి గొట్టము దించినారు. అమెరికాలో న్యూయార్కున జోసెఫ్ ఓడ్వయ్యర్, కంఠసర్పి వ్యాధితో ఊపిరాడక విలవిలలాడు పసిబిడ్డలకు చిన్న చిన్న లోహపు గొట్టములు వేలి కొనతోనే అమర్చుచు, ఆ పద్ధతిని 1885లో ప్రకటించినారు. గొంతు కోయకుండ ఎందరో బిడ్డలను ఆ విధముగ దక్కించినారు. సరిగా ఆ దశాబ్దముననే మన హైదరాబాదులో ఎడ్వర్డు లారీ అను వైద్యుడు, నిజాము ప్రభుత్వపు ధనసహాయముతో 1888, 1889 సంవత్సరములలో రెండు క్లోరోఫారము కమిషన్లు నడిపినారు. మత్తు ఇచ్చువాడు నాడిని గాక ఊపిరిని కనిపెట్టి ఉండవలెనని వాదించినారు. క్లోరోఫారము గుండెకు హాని చేయదన్న ఆయన నమ్మకము తరువాత తప్పని తేలినది. ఊపిరిపై కన్ను ఉంచవలెనను మాట మాత్రము నిలిచినది.

చూపును, గొట్టమును ఒక్క దారిలో నడిపినవారు బెర్లినులోని ఆల్ఫ్రెడ్ కిర్‌స్టీన్. ఆహారనాళమును పరీక్షించుచుండిన ఒక వైద్యుని పరికరము పొరపాటున శ్వాసనాళములో జారినదని ఆయన విన్నారు. తిన్నని లోహపు గొట్టము అటు పోగలిగినదన్నచో, కంఠపు మలుపును తిన్నగా చేయవచ్చునన్నమాటయే గదా! 1895 ఏప్రిల్ 23వ తేదీన ఆయన రోగి తలను వెనుకకు వంచి, నాలుకను రేకుతో అణచి, అద్దము లేకయే స్వరపేటికను చూచినారు. కంటికి, కంఠద్వారమునకు మధ్య ఒక సరళరేఖ ఏర్పడినది. చూపు పోయిన దారిలోనే చేయి పోవుటకు వీలు కలిగినది.

పిదప వచ్చినవారు ఆ సరళరేఖను మెరుగుపరచినారు. అమెరికాలో షెవలియర్ జాక్సన్ రేకు కొనయందే చిన్న దీపము నిలిపినారు. న్యూయార్కున హెన్రీ జేన్‌వే, 1913లో, పిడిలోనే బ్యాటరీలు ఇమిడిన దర్శినిని మత్తువైద్యుల కొరకు తయారుచేసినారు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఇంగ్లండులోని సిడ్‌కప్ ఆసుపత్రికి ముఖములు ఛిద్రమైన సైనికులు వందలుగా వచ్చినారు. హెరాల్డ్ గిలీస్ అను శస్త్రవైద్యుడు వారి ముఖములను తిరిగి కూర్చవలెను. మత్తు ఇచ్చువారు అదే ముఖముపై ముసుగు పెట్టవలెను. ఒక్క చోటు కొరకు ఇద్దరు పోటీ. ఈ చిక్కును తీర్చుటకు ఐవన్ మాగిల్, స్టాన్లీ రోబోతమ్ అనువారు శ్వాసనాళములోనికి రబ్బరు గొట్టము వేయుటను ఒక విద్యగా పెంచినారు. రోగి తలను ఉదయపు గాలి వాసన చూచువాని తలవలె ముందుకు చాచి, పైకెత్తి ఉంచవలెనని మాగిల్ చెప్పిన పోలిక నేటికిని విద్యార్థులకు చెప్పబడుచున్నది.

1941లో అమెరికాలో రాబర్టు మిల్లర్ సన్నని తిన్నని రేకు తెచ్చినారు. అది కంఠపు మూతను తానే ఎత్తి పట్టును. 1943లో ఆక్స్‌ఫర్డులోని రాబర్టు మెకింటోష్ వంపు గల రేకు తెచ్చినారు. ఈయన న్యూజీలాండున పుట్టి, ఆక్స్‌ఫర్డున మత్తువైద్యమునకు మొదటి ఆచార్యుడైన వ్యక్తి. టాన్సిళ్ళ శస్త్రమునకై ఒక రోగి నోరు తెరచి పట్టు పరికరము అమర్చుచుండగా, దాని రేకు ఉండవలసిన దానికన్న లోతుగా పోయి, స్వరతంతువులు స్పష్టముగ కనబడినవట. రేకు మూతను తాకనక్కరలేదు. మూతకు ముందున్న పల్లములో ఆని పైకెత్తినచో మూత దానంతటదే లేచును. మూత లోపలి ప్రక్కను తాకినచో కలుగు ఉలికిపాటు దీనితో తక్కువ. అందువలన తక్కువ మత్తుతోనే పని జరిగినది. ఆ వంపు రేకు ఎనుబది ఏండ్లు దాటినను లోకమంతట వాడుకలో ఉన్నది. మన జిల్లా ఆసుపత్రులలో మత్తువైద్యుని పెట్టె తెరచినచో కనబడునది తరచుగా అదియే.

ఇంతవరకు చెప్పినది చాలవరకు శస్త్రశాల సంగతి. అక్కడ రోగి ముందురోజు నుండి ఉపవాసమున్నాడు, వెలుతురు ఉన్నది, తొందర తక్కువ. అత్యవసర వైద్యము వేరు. 1946లో న్యూయార్కు వైద్యుడు కర్టిస్ మెండెల్‌సన్, ప్రసవవేళ మత్తులో కడుపులోని ద్రవము ఊపిరితిత్తులలో దిగినచో ఎంత ప్రమాదమో చూపినారు. 1952లో కోపెన్‌హేగనున పోలియో విజృంభించినప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ సలహాపై రోగుల కంఠములలో గొట్టములు అమర్చి, వందలకొలది విద్యార్థులు వంతులవారీగా చేతితో గాలిసంచి నొక్కి వారిని బ్రతికించినారు. అచ్చట గొంతు కోసి పెట్టిన గొట్టములే గాని, ఊపిరిని నడిపించు విద్య శస్త్రశాల గడప దాటి వార్డులోనికి వచ్చుటకు ఆ సంవత్సరము గుర్తు. 1961లో లండనున బ్రయన్ సెలిక్, కడుపులోనిది పైకి రాకుండ కంఠము ముందరి మృదులాస్థి ఉంగరమును వేలితో అదుముమని చెప్పినారు. దాని ప్రయోజనమును గూర్చి తరువాత వాదోపవాదములు బయలుదేరినవి గాని, మూలమైన భయము మాత్రము అందరికిని ఒకటే. నిండిన కడుపు, తరుగుచున్న ప్రాణవాయువు, నోటినిండ రక్తమో వాంతియో. మెడ విరిగినదేమో యను అనుమానమున్నచో తలను వంచుటకును వీలులేదు.

ఇట్టి వేళ మొదటి ప్రయత్నమే ముఖ్యము. అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమున ఒక అత్యవసర విభాగములో జరిగిన 1828 గొట్టముల సంగతి 2013లో ప్రకటింపబడినది. ఒక్క ప్రయత్నముతో గొట్టము పడినవారిలో 14.2 శాతమునకు ఏదో ఒక ఉపద్రవము కలిగినది. రెండు ప్రయత్నములు కావలసినవారిలో అది 47.2 శాతము. మొదటిసారి తప్పినచో రెండవసారి మొదటిదానివలె ఉండదు. కంఠము వాచును, రక్తము కారును, ప్రాణవాయువు పడిపోవును, వైద్యుని చేయి వణుకును.

ఎవరి కంఠము కష్టమైనదో ముందుగా తెలిసినచో ఎంత బాగుండును! ఈ ప్రశ్నకు పేరు నిలిచిన సమాధానము చెప్పినవారు ఒక తెలుగువారు. ఆంధ్రదేశమున పుట్టి, అమెరికాలోని బోస్టను నగరమున మత్తువైద్యుడైన మల్లంపాటి శేషగిరిరావుగారు, 1985లో 210 మంది రోగులపై చేసిన పరిశీలనను ప్రకటించినారు. రోగిని కూర్చుండబెట్టి, నోరు బాగుగా తెరచి నాలుక చాపుమనవలెను. కొండనాలుక కనబడినచో దారి సుళువు కావచ్చును. నాలుక దానిని కప్పివేసినచో జాగ్రత్త పడవలెను. ఇందుకు పరికరము అక్కరలేదు, ఖర్చు లేదు. నేడు అన్ని ఖండముల వైద్యవిద్యార్థులును మల్లంపాటి అను మన యింటిపేరును ఉచ్చరించుచున్నారు. అయితే తలకు దెబ్బ తగిలి తెలివి లేనివానిని కూర్చుండి నోరు తెరువుమనుట ఎట్లు? అత్యవసరమున ఆ పరీక్ష తరచుగా అందుబాటులో ఉండదు. చూచినదాకా తెలియదు, చూచునప్పటికి కాలము నడచిపోవుచుండును.

ఇక సరళరేఖ ఎంత ఒత్తినను ఏర్పడని కంఠములు కొన్ని ఉన్నవి. దవడ బిగుసుకొన్నవారు, మెడ వంగనివారు, పండ్లు ముందుకు వచ్చినవారు అట్టివారు. వారి కొరకు వైద్యులు మరల వంకర చూపును వెదకినారు. 1954లో లండనున హెరాల్డ్ హాప్‌కిన్స్‌తో కలసి పంజాబీయుడైన నరీందర్ సింగ్ కపానీ, వెంట్రుకల వంటి గాజు పోగుల కట్ట గుండ వంపు తిరిగి బొమ్మను పంపవచ్చునని చూపినారు. 1967లో పీటర్ మర్ఫీ అట్టి పోగుల పరికరముతో దవడ బిగిసిన రోగికి గొట్టము వేసినారు. అది గొప్ప ఉపాయమే గాని, నిదానముగ చేయవలసిన పని. రక్తపు చుక్క అడ్డమైనచో ఏమియు కనబడదు. పరుగెత్తుకొని వచ్చిన రోగికి అది చాలవరకు ఆలస్యమే.

శతాబ్దము చివరకు కెమేరా గోరంత అయినది. పలువురు పలుచోట్ల దానిని కంఠదర్శినికి అతికింప చూచినారు. 2001లో కెనడాలోని వాంకూవరు శస్త్రవైద్యుడు జాన్ పేసీ రూపొందించిన గ్లైడ్‌స్కోపు అను సాధనము వాడుకలో స్థిరపడినది. దాని రేకునకు సుమారు 60 డిగ్రీల వంపు. కెమేరా ఆ వంపు దాటిన చోట ఉండుటచే, తలను వంచకయే, నాలుకను బలముగ ఎత్తకయే, స్వరతంతువులు తెరపై కనబడును. ఊపిరి తగిలి మసకబారకుండ కెమేరా అద్దమును కొద్దిగా వేడి చేయు ఏర్పాటు అందున్నది. గార్సియా వేడినీట అద్దము కాచినదియు ఇందుకే గదా! 1854 నాటి వంకర చూపు, సుమారు నూటయేబది ఏండ్లకు కొత్త వేషమున తిరిగివచ్చినది. దానితో పాటు గార్సియా నాటి చిక్కు గూడ తిరిగివచ్చినది. తెరపై దారి స్పష్టముగ కనబడుచుండును. గొట్టము మాత్రము మలుపు వద్ద కొట్టుకొనుచుండును.

ఈ చిక్కు ఎంతటిదో 2017లో ఫ్రాన్సు వైద్యులు కొలిచి చూపినారు. ఏడు ఇంటెన్సివ్ కేర్ వార్డులలో 371 మంది రోగులను చీటీలు తీసినట్లు రెండు జట్లుగ విభజించి, ఒక జట్టునకు కెమేరా దర్శినిని, రెండవ జట్టునకు మెకింటోష్ రేకును వాడినారు. మొదటి ప్రయత్నమున గొట్టము పడినది కెమేరా జట్టులో 67.7 శాతమునకు, పాత రేకు జట్టులో 70.3 శాతమునకు. అనగా కొత్తదాని వలన లాభము కానరాలేదు. అంతేకాదు, ప్రాణాపాయకరమైన ఉపద్రవములు కెమేరా జట్టులో 9.5 శాతము, పాతదానిలో 2.8 శాతము. పాత రేకు విఫలమైన చోట దారి కనబడకపోవుట ముఖ్యకారణము. కెమేరా విఫలమైన చోట దారి కనబడియు గొట్టము చేరకపోవుట ముఖ్యకారణము. తెరపై చక్కని బొమ్మ కనబడుచుండగా ప్రయత్నము మానుటకు మనసు ఒప్పుకొనదు. ఇంకొక్క క్షణము, ఇంకొక్క క్షణమనుచు కాలము జారిపోవుటకు అది దారితీయవచ్చును.

ఈ ఫలితము చూచి పాత పద్ధతివారు సంతోషించినారు. కథ అంతటితో ముగియలేదు. వైద్యులు ఈలోగ చేతిపని నేర్చుకొన్నారు. గొట్టములో వంచిన లోహపు ఊచ పెట్టి మలుపునకు తగినట్లు దానిని మలచుట అందులో ఒకటి. ఈ ఊచ విలువను గూర్చియు ఫ్రాన్సుననే 2021లో 999 మంది రోగులపై పరీక్ష జరిగినది. ఊచతో మొదటి ప్రయత్నమున 78.2 శాతము, ఊచ లేకుండ 71.5 శాతము గొట్టములు సరిగా పడినవి. ఈ నడుమ 2020లో కోవిడ్ మహమ్మారి వచ్చినది. రోగి నోటికి ముఖము ఆనించి చూచుట వైద్యునికే ప్రమాదమైనది. తెర ఉన్నచో ఒక మూర దూరమున నిలిచి పని చేయవచ్చును. అందుచే ఎన్నో ఆసుపత్రులు కెమేరా దర్శినులు కొన్నవి. ఎందరో చేతులకు అవి అలవాటైనవి.

2023లో అమెరికా నుండి పెద్ద పరీక్ష ఫలితము వెలువడినది. 17 అత్యవసర, ఇంటెన్సివ్ కేర్ విభాగములలో 1417 మంది రోగులు. కెమేరా జట్టున 705 మందిలో 600 మందికి, అనగా 85.1 శాతమునకు, మొదటి ప్రయత్నముననే గొట్టము పడినది. పాత పద్ధతి జట్టున 712 మందిలో 504 మందికి, అనగా 70.8 శాతమునకు పడినది. తేడా అంత స్పష్టముగ కనబడుటచే, 2000 మందిపై జరుపదలచిన పరీక్షను మధ్యలోనే ముగించినారు. ఆ పరీక్షలో గొట్టము వేసినవారిలో అత్యధికులు శిక్షణలో ఉన్న వైద్యులు. అనుభవము తక్కువైనవారికి కెమేరా వలన లాభము ఎక్కువగను, చేయి తిరిగినవారికి తక్కువగను కనబడినది. దానికి ముందే, 2022లో, 222 పరిశోధనలను కూర్చి పరిశీలించిన కాక్రేన్ సమీక్ష గూడ, కెమేరా దర్శినుల వలన గొట్టము వేయలేకపోవుట తగ్గునని తేల్చినది.

అయితే ఆ 2023 పరీక్షలోనే మరియొక అంకె ఉన్నది. ప్రాణవాయువు మిక్కిలి పడిపోవుట, రక్తపుపోటు కూలిపోవుట, గుండె ఆగుట వంటి తీవ్ర ఉపద్రవములు కెమేరా జట్టులో 21.4 శాతము, పాత జట్టులో 20.9 శాతము. అనగా రెండును దాదాపు సమానము. దారి చక్కగా కనబడినంత మాత్రమున రోగి శరీరము బలపడదు. గొట్టము వేయుటకు ముందు ప్రాణవాయువు నిండుగ పట్టించుట, రక్తపుపోటు నిలుపుట, మందు మోతాదు ఎంచుట, సహాయకులకు ఎవరి పని ఏదో ముందుగా చెప్పుట, ఇవి ఏ కెమేరాయు చేయని పనులు. పరికరము మారినను వైద్యము వైద్యునిదే.

కనుక రెండు పరీక్షలును అబద్ధము చెప్పలేదు. 2017లో కొలిచినది తెరకు అప్పుడప్పుడే అలవాటుపడుచున్న చేతులను. 2023లో కొలిచినది తెరతో చేయి కలిపిన తరమును అని తలచుట సబబుగా తోచుచున్నది. ఇప్పుడు మ్రొగ్గు కెమేరా వైపే ఉన్నది. దానికి మరియొక గుణము గూడ ఉన్నది. పాత పద్ధతిలో నేర్చుకొను విద్యార్థి చూచినది గురువునకు కనబడదు. గురువు చూచినది విద్యార్థికి కనబడదు. "కనబడుచున్నదా?" అని గురువు, "కనబడుచున్నది" అని శిష్యుడు; ఆ మాట నమ్ముటయే. తెరపై ఇద్దరును ఒకే దారిని చూతురు. తప్పుదారి పట్టుచున్న గొట్టమును గురువు అప్పటికప్పుడే ఆపగలరు.

ఇక ఒక దిగులు మిగిలియున్నది. కెమేరా కన్ను రక్తముతో, వాంతితో కప్పబడవచ్చును. బ్యాటరీ సన్నగిల్లవచ్చును. రహదారి ప్రక్కన మిట్టమధ్యాహ్నపు ఎండలో తెర వెలవెలబోవచ్చును. వెల గూడ పాతదానికన్న ఎంతో ఎక్కువ. చిన్న ఊరి ఆసుపత్రిలో అది లేకపోవచ్చును. ఆ క్షణమున చేతికి అందునది మెకింటోష్ రేకే. తెరపై మాత్రమే నేర్చిన వైద్యునికి ఆ సరళరేఖ ఎవరు నేర్పుదురు? ఏండ్ల తరబడి అభ్యాసముతో చేతికి వచ్చు విద్య, వాడుక తప్పినచో ఒక తరములోనే మరుగున పడును. అందువలననే కొందరు అధ్యాపకులు, మెకింటోష్ వంపే గల కెమేరా రేకుతో శిక్షణ ఇచ్చుచున్నారు. దానితో కంటితోను చూడవచ్చును, తెరపైనను చూడవచ్చును. పాత విద్య పోకుండ కొత్త విద్య పట్టుబడుటకు ఇది మంచి మార్గము.

చివరకు, కన్ను చూచినదానిని గూడ నమ్మి ఊరకుండరాదని ఈ చరిత్ర చెప్పుచున్నది. 2011లో బ్రిటనులో జాతీయస్థాయి విచారణ ఒకటి వెలువడినది. ఇంటెన్సివ్ కేర్ వార్డులలో ఊపిరి దారి చెడి కలిగిన మరణములలోను, మెదడు దెబ్బతినుటలలోను 70 శాతమునకు మించినవాటికి, రోగి విడుచు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొలుచు యంత్రమును వాడకపోవుట తోడైనదని అది తేల్చినది. గొట్టము సరియైన చోట పడినచో రోగి విడుచు ప్రతి ఊపిరిలోను ఆ వాయువు కనబడును. కడుపులో పడినచో కనబడదు, లేక ఒకటి రెండు ఊపిరులలో మాయమగును. అద్దము, సరళరేఖ, కెమేరా, ఇవన్నియు గొట్టమును అచ్చటికి చేర్చు ఉపాయములు. అది చేరినదనుటకు సాక్ష్యము చెప్పవలసినది మాత్రము తిరిగివచ్చిన ఊపిరియే. ఏ దర్శిని చేతనున్నను, దానిని చూచిన తరువాతనే వైద్యుడు ఊపిరి పీల్చుకొనవలెను.